జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు

సెకండ్ షిఫ్టు ఉన్న రోజు మొగిలయ్య పొద్దున చేసే పనులు మూడే. ఆ నవంబరు పొద్దున కూడా అంతే. తలకు రంగు వేసుకోవాలి, ఊరి నుంచి వచ్చిన అక్క వెంకటనర్సమ్మను ఉప్పల్‌లో కంటి డాక్టరుకు చూపించాలి, రెండింటికల్లా నాచారం ఫ్యాక్టరీలో మిషను ముందు నిలబడాలి. ఆ మిషను ముందు ఇంకా రెండేళ్ళు నిలబడగలిగితే హాస్టల్లో ఉండి చదువుతున్న కూతురు మానస నర్సింగు కోర్సు పూర్తవుతుంది. కంపెనీ రిజిస్టరు ప్రకారం వచ్చే జనవరికి అతనికి యాభై ఆరు, రిటైర్మెంటు యాభై ఎనిమిదికి. దేవుడి దగ్గర వేరే లెక్క ఉంది గానీ, కంపెనీ దేవుణ్ణి ఎప్పుడూ అడగలేదు.

రంగు పట్టించుకుని కూర్చోగానే గేటు చప్పుడైంది. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్‌తో ఒక అమ్మాయి. పేరు చంద్రిక అంది. పనిచేసుకునేవాళ్ళ మనశ్శాంతి మీద పరిశోధన చేస్తున్నామనీ, గల్లీలో ప్రతి తొమ్మిదో ఇంటికీ వెళుతున్నామనీ, ఇది తొమ్మిదో ఇల్లనీ చెప్పింది. పక్కింటి బాలరాజును అడుక్కొమ్మన్నాడు మొగిలయ్య. కుదరదట. మనకు నచ్చిన ఇంటికి పోతే అది శాంపిలే కాదట.

"ముప్పై ఏండ్ల సంది ఈ గల్లీల ఉంటున్న. ఏ లాటరీల నా పేరు రాలే. గిప్పుడెందుకొచ్చింది?"

"అదృష్టమండి," అంది చంద్రిక. పాపం, ఆ పిల్ల నిజంగానే అలా అనుకుంది.

ఇంట్లో అందరినీ అడగరట. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కాక, పెద్దవాళ్ళలో ఎవరి పుట్టినరోజు అందరికంటే ఈమధ్య వెళ్ళిందో వాళ్ళనే అడుగుతారట. మొగిలయ్య ఆధార్ కార్డు చూపించాడు, జనవరి ఒకటి. భార్య సత్తమ్మ తన కార్డు తెచ్చింది, అదీ జనవరి ఒకటే. తేదీ తెలియనివాళ్ళకు ఏ గుమాస్తా అయినా రాసేది అదే. బడి మొహం చూడనివాళ్ళంతా ఈ దేశంలో ఒకే రోజున పుట్టారు. చంద్రిక ఇద్దరి కార్డులూ తిప్పి తిప్పి చూసి ఆఫీసుకు ఫోన్ చేసింది. అసలు పుట్టినరోజులు కనుక్కోమన్నారు.

తాను మృగశిర కార్తెలో పుట్టానంది సత్తమ్మ. తనది తెలియదన్నాడు మొగిలయ్య. సంగతి అక్కడితో ఆగాల్సిందే. కానీ మంచం మీద వెంకటనర్సమ్మ ఉంది. ఆమెకు చూపు ఆనదు గానీ చెవులు బాగా పనిచేస్తాయి, అడగకపోయినా నిజం చెప్పే అలవాటు కూడా ఉంది.

"వీడు సద్దుల బతుకమ్మ నాడు పుట్టిండు బిడ్డా. మా చిన్నాయన లగ్గమైన ఏడు. ఆ లగ్గం పత్రిక ఊర్ల నా పెట్టెల ఉన్నది. పందొమ్మిదొందల అరవై అయిదు అని అచ్చేసి ఉన్నది."

జూన్‌లో వెళ్ళిన మృగశిర కంటే దసరా ముందు వెళ్ళిన బతుకమ్మ దగ్గర కాబట్టి మొగిలయ్యే ఎంపికయ్యాడు. ట్యాబ్ తనంతట తానే లెక్కగట్టి అరవై అని చూపించింది. మొగిలయ్య రంగు తలతోనే ట్యాబ్ మీదికి వంగాడు. కొట్టెయ్యమని బతిమాలాడు. పేరెక్కడా బయటికి రాదనీ, అంతా రహస్యమనీ చంద్రిక ధైర్యం చెప్పింది. రహస్యమన్న మాట వినగానే అతనికున్న కాస్త ధైర్యమూ పోయింది. మనశ్శాంతి గురించి ఆమె అడిగిన నలభై ప్రశ్నలకూ బాగానే ఉందని చెప్పి పంపించాడు.

బాలరాజుదీ అదే ఫ్యాక్టరీ, అతనూ జనవరి ఒకటివాడే. మొగిలయ్య సంగతి చెప్పగానే ఫికర్ చెయ్యొద్దన్నాడు గానీ షిఫ్టులో చాయ్ వేళకు ఆ కబురు అన్ని మిషన్ల దగ్గరా చెప్పాడు. అసలు వయసులు తవ్వడానికి కంపెనీయే ఆ పిల్లను పంపిందని తేలిపోయింది. గల్లీలో ఇన్ని ఇళ్ళుండగా మొగిలయ్య ఇంటికే ఎందుకొస్తుంది మరి. జనవరి ఒకటివాళ్ళు పదకొండు మంది కూడబలుక్కుని, అడగకముందే చెప్పడం మంచిదని అర్జీ రాయించారు. రిజిస్టరులో ఉన్న వయసులే నిజమనీ, బయటి సర్వేలో వేరేగా వస్తే నమ్మవద్దనీ ప్రార్థన. కష్టం ఎవరిదో వాళ్ళ సంతకమే ముందుండాలని మొగిలయ్య చేత మొదట పెట్టించారు.

మేనేజరు జనార్ధనరావు జన్మలో ఆ రిజిస్టరు తెరిచి ఎరగడు. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే పదకొండు మంది భుజాలు తడుముకుంటూ వచ్చేసరికి, దాన్ని తెప్పించి చూశాడు. తర్వాత అందరినీ పిలిపించాడు. తామంతా మొగిలయ్య కోసం సంతకం చేశామే తప్ప తమకే గొడవా లేదన్నాడు బాలరాజు. మిగతా తొమ్మిది తలలూ ఊగాయి. జనార్ధనరావు కసిరి ఉంటే మొగిలయ్య ఎలాగో బొంకేవాడు. ఆయన మెల్లగా అడిగాడు.

"వేరే వయసుందని నీకెవరు చెప్పారయ్యా?"

"మా అక్క సార్. లగ్గం పత్రిక గూడ ఉన్నది."

ఎందుకన్నాడో అతనికే తెలియదు. తమ్ముడి కంపెనీవాళ్ళు తమ ఇంటి పత్రిక చూడాలన్నారని వెంకటనర్సమ్మ పొంగిపోయి, వారంలోగా ఊరి నుంచి తెప్పించి ఇచ్చింది. రిటైర్మెంటు దాటి రెండేళ్ళయింది కాబట్టి నెలాఖరు నుంచి రానక్కర్లేదని కంపెనీ కాగితం ఇచ్చింది. ఆ కాగితం చదివించుకుని సత్తమ్మ ఒకే మాట అడిగింది.

"మరి మానస సదువో?"

మొగిలయ్య గోడవైపు తిరిగి ఏడ్చాడు. ముప్పై ఏళ్ళలో అతను ఏడవగా ఆమె చూడడం అదే మొదటిసారి. తాను అబద్ధమేమైనా చెప్పిందా అని వెంకటనర్సమ్మ మంచం మీది నుంచి రెండుసార్లు అడిగింది.

పై నెలలో చంద్రిక మళ్ళీ వచ్చింది, ఈసారి క్షమాపణ చెప్పుకోవడానికి. వాళ్ళ పరిశోధన యాభై ఎనిమిది లోపు వాళ్ళ మీదేనట. అరవై ఏళ్ళ మనిషిని అడగడమే పొరపాటట. ఆ రోజే చూసుకోవాల్సిందని నొచ్చుకుంది. అతను చెప్పినవన్నీ తీసేశారనీ, వయసు కూడా ఇప్పుడు ఎక్కడా లేదనీ చెప్పింది.

"కంపెనీల ఉన్నది బిడ్డా," అన్నాడు మొగిలయ్య. "అది గూడ గట్లనే తీసేయిస్తవా?"

అది తమ శాంపిల్లోకి రాదని చంద్రిక ఎంతో మర్యాదగా చెప్పింది.