సుందరరావుగారి కారుకు నాలుగు తీగలు

విజ్ఞానశాస్త్రం దేశదేశాలు తిరిగి అలసిపోయి, చివరికి తార్నాకలో మా రీడరు సుందరరావుగారి కారు బానెట్టు కింద స్థిరనివాసం ఏర్పరచుకున్నదని లోకానికి సవినయంగా మనవి చేస్తున్నాను!

సుందరరావుగారిది గుంటూరు వైపు. యూనివర్సిటీలో ఫిజిక్సు చెబుతారు. వారి ఇంటి వెనక వాటాలో అద్దెకుండే ఈ సామేలు, అంటే నేను, అదే డిపార్టుమెంటులో డిమాన్‌స్ట్రేటరు. టెంపరరీ! తాను ప్రొఫెసరైతే నన్ను పర్మనెంటు చేయిస్తానని ఆయన మాటిచ్చారు. అప్పటినుంచి ఆయన ఏది అన్నా, అది నాకు ముందే తోచినట్టుండేది.

ఆయనకొక కారుంది. దొరలు దేశం వదిలిపోతూ దీన్ని మాత్రం వెంట తీసుకుపోవడానికి ఇష్టపడలేదు. తాళం తిప్పితే దగ్గుతుంది. మళ్లీ తిప్పితే అలుగుతుంది. అప్పుడు నేను వెనక నుంచి తొయ్యాలి. ఈ సంగతి తార్నాక అంతటికీ తెలుసు, కానీ ఎవరూ ఎరగనట్టే ఉంటారు. ఎందుకంటే మా చర్చిలో ఎవరి పెళ్లయినా పెళ్లికూతురు దిగాల్సింది ఆ కారులోంచే.

ఆ వానాకాలం ఆయన ఏదో విలాయతీ పత్రిక చదివారు. కారులో కరెంటు బ్యాటరీ నుంచి బయలుదేరి, దీపాలకూ హారనుకూ పని చెప్పి, కారు ఇనుప ఒంట్లోంచి మళ్లీ బ్యాటరీకి చేరుతుందట. ఆ తిరుగుదారికి కంపెనీవాడు ఒకే ఒక్క పట్టీ వేస్తాడట.

"ఒక్క పట్టీ ఏ మూలకోయ్! ఇంజనుకొకటి, గేరుపెట్టెకొకటి, దీపాలకొకటి, బాడీకొకటి. నాలుగు ఎర్త్ తీగలు అదనంగా బిగిస్తే ఈ కారును పట్టేవాడుండడు!" అన్నారు.

"మెకానిక్‌ను పిలవాల్నా సార్?"

"మెకానిక్కా! మనం చదువుకున్నవాళ్లం, సామేలూ!"

ముషీరాబాదు నుంచి ఎర్ర ప్లాస్టిక్కు తొడుగున్న రాగి తీగ వచ్చింది. ఆదివారం ఆరాధన కాగానే కోటు విప్పకుండా పనిలో దిగారు. నాలుగు ముక్కలు కోసి, కొసలకు రాగి ఉంగరాలు తగిలించి, బోల్టుల కింద బిగించి, బానెట్టు మూసి ఉత్తర్వు జారీ చేశారు: "ఇక దీన్నెవరూ తెరవకూడదు. తీగలు కుదురుకోవాలి!"

అంతలో ఆయన భార్య సువార్తమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. "ఏవండీ, బట్టల తాడు తెగిపోయిందని చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది. దుప్పట్లు ఎక్కడారేసుకోనండీ?"

"ఇక్కడ పరిశోధన జరుగుతుంటే తాళ్లేమిటే!"

ఆ తర్వాత ఆవిడ తాడు మాటే ఎత్తలేదు. సైన్సు ముందు తలవంచారని ఇద్దరం సంతోషించాం.

ఇక ఫలితాలు! ఆ వారంలోనే మా హెడ్డు వెంకటనర్సయ్యగారిని కారులో క్యాంపస్ తిప్పారు. దిగుడు రోడ్డులో ఆయన సీటు చరిచి, "అరె, ఏం చేసినవయ్య సుందరరావ్! ఇంజను చప్పుడే లేదు. మక్ఖన్ లెక్క మెత్తగ పోతున్నది!" అన్నారు. చప్పుడు లేని మాట నిజమే. పెట్రోలు పొదుపు కోసం సుందరరావుగారు ఇంజను ఆపేసి బండిని దిగుడుకు వదిలేశారు. దీపాల వెలుగు పెరిగిందని పాస్టరుగారు సాక్ష్యమిచ్చారు. నేనైతే తోసేటప్పుడు కారు బరువు కూడా తగ్గిందని చెప్పాను.

ఇంతలో ప్రొఫెసరు పోస్టుకు ఇంటర్వ్యూలు వచ్చాయి. సుందరరావుగారు దరఖాస్తులో తన పరిశోధనలన్నిటికీ పైన ఈ నాలుగు తీగలనే కూర్చోబెట్టారు. బయటి నుంచి ఎక్స్‌పర్టుగా కొండలరావుగారు వస్తున్నారు. ఆయన ఊ అంటే పోస్టు ఖాయం. ఆ ఊ మీదే నా పర్మనెంటు కూడా వేలాడుతోంది.

సుందరరావుగారూ హెడ్డుగారూ నేనూ కారులో వెళ్లి సికింద్రాబాదు స్టేషన్లో ఆయన్ను ఎక్కించుకున్నాం. మెట్టుగూడ దగ్గర కారు ఆగింది. హెడ్డుగారూ నేనూ దిగి తోశాం.

"ఏమైంది?" అన్నారు ఎక్స్‌పర్టుగారు.

"ఏం లేదండీ. కరెంటు కుదురుకుంటోంది" అన్నారు సుందరరావుగారు.

"అదే, నేనూ అదే అనుకున్నాను! ఇప్పుడు చూడండి, ఎంత హాయిగా పోతోందో. నాలుగు తీగల తేడాలూ వేటికవే తెలుస్తున్నాయి. హారనైతే సంగీతమేనండీ!" అన్నారు ఎక్స్‌పర్టుగారు, కారు కదలగానే.

నా ప్రాణం లేచివచ్చింది. ఇల్లు చేరాక ఆయన ఆ తీగల్ని కళ్లారా చూస్తానన్నారు. సుందరరావుగారు గర్వంగా బానెట్టు ఎత్తారు.

లోపల కంపెనీవాడి నల్లపట్టీ ఒక్కటే ఉంది. ఎర్ర తీగ ఒక్కటీ లేదు!

సుందరరావుగారి మొహాన నెత్తురుచుక్క లేదు. నా ఉద్యోగం గాలికి పోతుంటే కళ్లతో చూస్తున్నట్టే ఉంది. అప్పుడే సువార్తమ్మగారు టీ తెచ్చారు.

"తీగలా? పెరట్లో ఉన్నాయి కదండీ! మీరు బిగించిన మర్నాడే తీసి, ఒకదానికొకటి కలిపి కట్టుకున్నాను. కొసలకు ఉంగరాలు కూడా పెట్టారుగా, మేకులకు తగిలించడానికి భలే వీలుగా ఉన్నాయి!"

మర్నాడే! మరి ఆ మక్ఖన్, ఆ వెలుగు, ఆ సంగీతం? హెడ్డుగారు దగ్గారు. ఎక్స్‌పర్టుగారు నవ్వితే సుందరరావుగారి పని అయిపోయినట్టే. కానీ నవ్వితే, దారి పొడుగునా తాను కనిపెట్టిన నాలుగు తేడాలను ఆయన ఎక్కడ దాచుకోవాలి? గంభీరంగా పెరట్లోకి నడిచారు. అందరం వెంట నడిచాం.

ఎర్రటి తీగ మీద అప్పుడే ఉతికిన దుప్పటి వేలాడుతోంది. ఆయన దాన్ని రెండు వేళ్లతో తాకి, కళ్లు మూసుకుని, తెరిచారు.

"అద్భుతం! రాగి కదా, తడినంతా లాగేసింది. ఎంత పొడిగా ఉందో!"

"నేను రాంగనే చూసిన సార్, నీళ్ల చుక్క లేదు" అన్నారు హెడ్డుగారు.

ఇక అందరూ నా వైపు తిరిగారు. దుప్పటి అంచు సరిగ్గా నా నెత్తిమీద కారుతోంది.

"ఖడక్‌గ ఆరింది సార్! ఇస్త్రీ గూడ అక్కర్లేదు" అన్నాను, కళ్లలోకి దిగిన నీళ్లు తుడుచుకుంటూ.

సువార్తమ్మగారు మా నలుగురినీ ఒకసారి చూశారు. దుప్పటి దించి, అక్కడికక్కడే గట్టిగా పిండారు. బొళ్లున నీళ్లు ఎక్స్‌పర్టుగారి బూట్ల నిండా పడ్డాయి. ఆయన తొణకలేదు. తల పైకెత్తి, "వాన మొదలైనట్టుందే!" అన్నారు.

"జోరు వాన సార్!" అన్నారు హెడ్డుగారు.

ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను పరుగెత్తి గొడుగు తెచ్చి, ఫెళ్లుమనే ఎండలో ఆయన నెత్తిన పట్టాను. ఆ నెలలోనే సుందరరావుగారు ప్రొఫెసరయ్యారు, నేను పర్మనెంటయ్యాను.