మూడు బస్తాల రద్దీ

"గ్రంథపాలకుడే జాతికి వెన్నెముక! ఆ వెన్నెముకకు నలభై రోజుల శిక్షణ ఇచ్చి నిటారుగా నిలబెట్టేదాకా నేను నిద్రపోను!" అని పల్లె పఠన మండలి ఛైర్మన్ కోదండపాణి గారు 1987 వేసవిలో హైదరాబాదులో ప్రకటించారు. ఆ సభలో వేదిక మీదే ఆయన కాసేపు కునుకు తీసిన మాట నిజమే. కానీ అది ప్రకటనకు ముందు జరిగింది కనుక లెక్కలోకి రాదు.

ఈ వార్త రామన్నపేట అవతల ఉన్న చిన్నబావిగూడెం గ్రంథాలయానికి మర్నాటి మధ్యాహ్నం బస్సులో చేరింది. దాన్ని మొదట చదివినవాడు అక్కడి పార్ట్‌టైం లైబ్రేరియన్ నూరుద్దీన్. రెండోసారి చదివినవాడూ అతనే. మూడోసారి మాత్రం, రోజూ పేపరు కోసం వచ్చే సైకిల్ షాపు ఐలేశానికి పైకి చదివి వినిపించాడు.

"శిక్షణ అయినోళ్లకు సర్టిఫికెట్ ఇస్తరట ఐలేశం. సర్టిఫికెట్ ఉన్నోళ్లనే పర్మినెంట్ జేస్తరట."

"పదకొండేండ్ల సంది తాళం తీసుడు నువ్వే, ఏసుడు నువ్వే. ఇంకేం నేర్పుతరు భాయ్ నీకు?"

"తాళం తీయవస్తదని కాయితం గావాలె గద!"

నూరుద్దీన్ కోరిక ఒక్కటే. తన కొలువుకు ముందున్న పార్ట్‌టైం అనే ముక్క ఊడిపోవాలి. ఇంట్లో భార్య ఇక్బాల్ బీ కూడా పదకొండేళ్లుగా ఇదే దువా చేస్తోంది. "పార్ట్‌టైం జీతం తెస్తవ్, ఫుల్‌టైం అన్నం తింటవ్" అని ఆమె అన్నప్పుడల్లా అతను నవ్వేవాడు. నవ్వాక ఆ పూట ఒక ముద్ద తక్కువ తినేవాడు.

దరఖాస్తు ఫారం వచ్చింది. అందులో పదహారు ప్రశ్నలు. నూరుద్దీన్ ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివి, తెలుగును ఈ గ్రంథాలయంలోనే కూడబలుక్కుని నేర్చినవాడు. ఎనిమిది ప్రశ్నలు సాఫీగా దాటాడు. తొమ్మిదోది ఇలా ఉంది: "ప్రస్తుతం మీ గ్రంథాలయమందు రద్దీ ఏ మేరకు ఉన్నది?"

అచ్చు పుస్తకాల తెలుగులో రద్దీ అంటే జనం ఒత్తిడి. చిన్నబావిగూడెంలో రద్ది అంటే కిరాణా దుకాణానికి తూకానికి అమ్మే పాత పేపర్లు. నూరుద్దీన్‌కు తెలిసింది ఈ రెండోదే. దీర్ఘం ఎందుకిచ్చారా అని ఒక్క క్షణం ఆలోచించి, సర్కారు కాగితంలో ప్రతిదీ కాస్త పొడుగే ఉంటుందని సర్దుకున్నాడు. బల్ల కిందికి వంగి చూసి, నిజాయితీగా రాశాడు:

"మూడు బస్తాలు. ఇంకా పెరుగుతున్నది. కూర్చోను జాగా లేదు. తీసుకపోను ఎవరినైనా పంపగలరు."

మండలి ఆఫీసులో టైపిస్టు బాలస్వామి బాధ్యత తెలిసిన మనిషి. జనాన్ని బస్తాల్లో కొలవడం ఆయన సర్వీసులో ఎన్నడూ వినలేదు. పాపం పల్లెటూరివాడు, ఒక అక్షరం తప్పి ఉంటాడని జాలిపడి, "మూడు బస్సులు" అని దిద్ది టైపు చేశాడు. ఛైర్మన్ గారు ఆ కాగితం చూసి కళ్లు తుడుచుకున్నారు. పుస్తకాల కోసం మూడు బస్సుల జనం! కూర్చోవడానికి జాగా లేదు! సాయంత్రానికల్లా విలేకరులను పిలిచి, ఇది తమ పాలన ఫలమని వినయంగా ఒప్పుకున్నారు.

పదిహేను రోజులకు నూరుద్దీన్‌కు ఉత్తరం వచ్చింది.

"మూడు బస్సుల జనము వచ్చు గ్రంథాలయమును నలభై దినములు మూసినచో శాంతిభద్రతలకు భంగము వాటిల్లును. కావున తమకు శిక్షణ ఇయ్యజాలము. రద్దీ నివారణకై నిధులు మంజూరు చేయడమైనది."

ఐలేశం నోరెళ్లబెట్టాడు. "ఏ మూడు బస్సులు భాయ్? మన ఊరికి వచ్చేదే ఒక్క బస్సాయె. అది గూడ ఐతారం రాదు."

నూరుద్దీన్ నిఘంటువు తీసి రద్దీ అన్న మాట వెతికాడు. దొరికింది. చాలాసేపు ఆ పేజీ మూయలేదు.

ఆ వారమే నిధులు లారీలో దిగాయి. పైసల రూపంలో కాదు, ఇనుప గొట్టాల రూపంలో. టాకీసుల ముందు టికెట్ల వరుసకు పెట్టే రకం. కాంట్రాక్టరు వాటిని గుమ్మం నుంచి బల్ల దాకా మూడు మెలికలు తిప్పి సిమెంటు పోసి పాతాడు. ఉన్నది ఒకటే గది. మూడో మెలికకు పుస్తకాల బీరువాలు అడ్డమొచ్చాయి.

"పుస్తకాలు యాడ పెట్టాలె సేటూ?" అని నూరుద్దీన్ అడిగాడు.

"ఎస్టిమేటుల పుస్తకాలు లెవ్వు" అన్నాడు కాంట్రాక్టరు.

బీరువాలు నూరుద్దీన్ ఇంటి అరుగు మీదికి చేరాయి. అప్పటి నుంచి పుస్తకం కావలసినవారు నూరుద్దీన్ ఇంటికి, వరుసలో నిలబడదలచినవారు గ్రంథాలయానికి వెళ్లే ఏర్పాటు కుదిరింది. ఇక్బాల్ బీ కూర్చునే అరుగు కావడంతో ఆడవాళ్లు కూడా పుస్తకాలు తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఇది నిబంధనలకు విరుద్ధం కనుక నూరుద్దీన్ ఏ రిజిస్టరులోనూ రాయలేదు.

రద్దీని కళ్లారా చూద్దామని ఛైర్మన్ గారు జీపులో వచ్చారు. మూడు మెలికలూ తిరిగి, చెమటలు కక్కుతూ బల్ల దగ్గరికి చేరారు. వెనక్కి చూశారు. ఎవరూ లేరు.

"జనం ఏరయ్యా?"

నూరుద్దీన్ చేతులు కట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "తప్పయింది సార్. రద్ది అంటే గివి అనుకున్న" అని మూడు బస్తాలూ చూపించాడు.

ఛైర్మన్ గారు ఒక బస్తా మీద కూలబడ్డారు.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"ఐలేశానికి చెప్పిన సార్."

"ఐలేశం అంటే ప్రెస్సా?"

"సైకిల్ షాపు సార్."

ఛైర్మన్ గారు ఊపిరి పీల్చుకుని, రుమాలుతో ముఖం తుడుచుకుని, లేచి నిలబడ్డారు. గొప్పవాళ్లు బస్తా మీద కూర్చున్నా ఆలోచిస్తూనే ఉంటారు.

"చూడు నూరుద్దీన్! మే నెలలో మూడు బస్సుల రద్దీ. మేము గొట్టాలు పాతాం. జూలైలో ఒక్క మనిషి లేడు. రద్దీ నూటికి నూరు పాళ్లూ నివారణ అయింది! ఇది ఎవరి వల్ల అయింది? నీ వల్ల! నువ్వు శిక్షణ పొందే మనిషివి కాదయ్యా, ఇచ్చే మనిషివి!"

"మరి సర్టిఫికెట్ సార్?"

"గురువుకు సర్టిఫికెట్ ఎవరిస్తారు? నువ్వే అందరికీ ఇస్తావు!"

అలా నూరుద్దీన్ హైదరాబాదులో నలభై రోజులు గురువయ్యాడు. జాబితాలో పేర్లు నలభై, బెంచీల మీద మనుషులు ఏడుగురు. చివరి రోజు తొందరగా ఉంటుందని మొదటి రోజే నలభై సర్టిఫికెట్ల మీదా అతని చేత సంతకాలు పెట్టించారు. పెట్టనంటే పాఠం ఉండదన్నారు. పాఠం పేరు రద్దీ నివారణ. అది అరపూటలో అయిపోయింది. మిగతా రోజులు తనకు తెలిసింది చెప్పాడు. చెదలు పట్టకుండా పుస్తకాల నడుమ ఎండిన వేపాకు ఎట్లా పెట్టాలో చెప్పాడు. "తీస్కపోయినోళ్లను పుస్తకం తెమ్మని అడుగొద్దు. యాడిదాక సదివిన్రని అడగాలె. సదవనోళ్లు సిగ్గుకు తెచ్చిస్తరు, సదివినోళ్లు కథ జెప్తరు" అన్నాడు.

తిరుమలగిరి నుంచి వచ్చిన పుల్లమ్మ ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుంది. ఆమెదీ పార్ట్‌టైమే, తొమ్మిదేళ్లుగా. తన మాటను ఒక మనిషి రాసుకోవడం నూరుద్దీన్ జన్మలో అదే మొదటిసారి. ఆ పూట ప్రతి మాటా ఆమె రాసుకునేదాకా ఆగి ఆగి చెప్పాడు.

అతను ఊరు చేరిన నెలకు, ఆదర్శ గ్రంథాలయమైన చిన్నబావిగూడేనికి పర్మినెంట్ పోస్టు మంజూరైందని పేపర్లో పడింది. ఇక్బాల్ బీ వాడంతా చక్కెర పంచింది. మర్నాడు ఆ పోస్టు స్కూటరు మీద వచ్చి దిగింది. కుర్రవాడి పేరు యాదగిరి. ఛైర్మన్ గారి బామ్మర్ది. చేతిలో ఆర్డరు, సర్టిఫికెట్. సర్టిఫికెట్ మీద నూరుద్దీన్ సంతకం.

యాదగిరి తన వెంట ఇంకో కాగితం కూడా తెచ్చాడు. ఇతను నలభై రోజులూ హాజరయ్యాడని గురువు ధ్రువీకరించాలి. ఒక్క సర్టిఫికెట్ బోగస్ అని తేలినా ఆ జట్టు మొత్తానిదీ రద్దవుతుంది.

"నేను గీ పిలగాన్ని ఎన్నడు జూడలేదని రాయి భాయ్, గంతే!" అన్నాడు ఐలేశం.

"రాస్త. పుల్లమ్మది గూడ రద్దయితది."

పర్మినెంట్ అయ్యానని పుల్లమ్మ రాసిన కార్డు వచ్చి అప్పటికి నాలుగు రోజులైంది.  నూరుద్దీన్ సంతకం పెట్టాడు. పెన్ను ఎంత నొక్కాడంటే కాగితం చిరిగినంత పనైంది.

యాదగిరి వంగి గురువు కాళ్లకు మొక్కాడు. మర్యాద తెలిసినవాడే.

"సార్, నలభై రోజులు ఏం నేర్పిన్రో జర జెప్పున్రి. ఎవలన్న అడుగుతే ఇజ్జత్ పోతది."

పొమ్మందామనుకున్నాడు నూరుద్దీన్. కానీ బీరువాలు ఇక యాదగిరి చేతిలోవి. ఇతనికి తెలియకపోతే చెదలకు తెలుస్తుంది. మర్నాటి నుంచి తన ఇంటి అరుగు మీదే పాఠం మొదలుపెట్టాడు. యాదగిరి మంచి శిష్యుడు, నలభై రోజులూ ఒక్క పూట మానలేదు. చివరి రోజు తాళంచెవులు జేబులో వేసుకుంటూ, గురువు రుణం ఉంచుకునే మనిషిని కాదన్నాడు.

"మల్ల శిక్షణ పడ్డదంటే మీ పేరు నేనే పంపుత సార్. కొత్త రూల్ అయింది, పర్మినెంట్ లైబ్రేరియన్ సిఫారసు ఉండాలె. మీరేం ఫికర్ జేయకున్రి, నేనున్న గద!"

నూరుద్దీన్ షుక్రియా చెప్పాడు.