అత్తగారి తనిఖీ

ఆ శనివారం పొద్దున ఎలిసేయో వేసుకున్న పథకంలో ఎక్కడా చిక్కు లేదు. రెసీడాలో అద్దెకు తీసుకున్న ఇంట్లో షూటింగు మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. దారిలో బేకరీ నుంచి పాల కేకు తీసుకుని ఇల్లు చేరితే చాలు. ఇరవై అయిదో పెళ్లిరోజుకు భార్య నోయెమీ పిలిచిన సాల్వడార్ దేశపు చుట్టాలంతా వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడవచ్చు.

ఎలిసేయో లైట్లు పెట్టే మనిషి. పరుపుల కంపెనీ ప్రకటనలకు పనిచేస్తున్నానని ఇంట్లో చెప్పాడు. పరుపుల వరకూ అది నిజమే. ప్రకటనలు మాత్రం కావు, పెద్దలకు మాత్రమే చూపించే సినిమాలు. రెసీడా ఉన్న ఆ శాన్ ఫెర్నాండో లోయలో అవి తీసే ఇళ్లకూ కొదవలేదు, వాటికి లైట్లు పెట్టి పిల్లల్ని చదివించుకున్న తండ్రులకూ కొదవలేదు.

అతను లైట్లు సర్దేసరికి ట్రూడీ గౌను కప్పుకుని, మంచం మీద బాసింపట్టు వేసుకుని నారింజపండు ఒలుచుకుంటోంది. పదిహేనేళ్లుగా ఈ సినిమాల్లో ఉన్న మనిషి. దర్శకుడు వెండెల్ గదిలోకి రాగానే తలెత్తింది.

"పెట్టె ఏదీ?"

"ఏ పెట్టె?"

"నా దగ్గర నటించకు వెండెల్, ఆ పని నాది. కండోములు తెప్పిస్తానన్నావు. అవి లేకుండా చెయ్యనని మొన్ననే చెప్పాను."

ఆ కౌంటీలో, అంటే ఆ జిల్లాలో, కండోమ్ లేకుండా ఇలాంటి సినిమా తీయకూడదని జనం ఓట్లు వేసి చట్టం తెచ్చి ఎంతో కాలం కాలేదు. వెండెల్ దాన్ని వర్షం లాంటిదనుకున్నాడు, కాసేపు ఆగితే అదే పోతుందని.

"అవి కనిపిస్తే జనం కొనరమ్మా! రక్తపరీక్ష కాగితాలున్నాయిగా, ఇద్దరివీ బాగున్నాయి."

"కాగితం రక్తం తీసిన రోజు సంగతి చెబుతుంది, ఇవాళ్టిది చెప్పదు. నా స్నేహితురాలు ఒకత్తె అలాంటి మంచి కాగితం చేతిలో పెట్టుకునే జబ్బు తెచ్చుకుంది."

తలుపు దగ్గర తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ ఆమె జోడీ డెస్మండ్ గొంతు సవరించుకున్నాడు. గోడంత మనిషి, మాట మాత్రం లోపలికే.

"నాకూ కావాలి. అడిగితే మళ్లీ పిలవరేమోనని ఊరుకున్నాను. మా ఆవిడకి ఆరో నెల." కాస్త ఆగి, "కాకపోతే నాకు రబ్బరు పడదు. ఒళ్లంతా దద్దుర్లొస్తాయి," అన్నాడు.

వెండెల్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చివరికి లైట్ల వైపు తిరిగాడు. "ఎలిసేయో, నీ వ్యాను తీసుకుని వెళ్లు."

ఇన్నేళ్లుగా అలాంటి మంచాల పక్కన చెక్కుచెదరకుండా నిలబడ్డవాడికి మందుల దుకాణంలో ఆ అర ముందు నిలబడేసరికి ముచ్చెమటలు పోశాయి. ఏ రకమో తెలియక అన్నిట్లోంచీ ఒక్కోటి బుట్టలో వేసుకుని వెండెల్‌కు ఫోన్ చేశాడు.

"డెస్మండ్‌కి ఏది పడుతుందో సరిగ్గా అడుగు... ఆ, రబ్బరు లేనిది, దొరికింది. ట్రూడీ ఇంకా మంచం మీదే ఉందా? లేవొద్దని చెప్పు, వచ్చేస్తున్నా!"

"ఎలిసేయో."

ఆ గొంతు అతనికి బాగా తెలుసు. వెనక్కి తిరిగితే అత్తగారు హెర్మీనియా. నల్ల గౌను, మెడలో శిలువ, చంకలో సంచి.

"అత్తయ్యా! మీరిక్కడ..."

"బీపీ మాత్రలకొచ్చాను. నువ్వు దేనికొచ్చావో కనపడుతూనే ఉంది."

"ఇది పని మీద అత్తయ్యా. పరుపుల ప్రకటన."

"పరుపులకి ఇవెందుకు?"

"అదీ... పరుపు తడవకుండా..."

ఆ మాట నోరు దాటాక దాన్ని వెనక్కి తీసుకునే దారి అతనికి కనబడలేదు. అతను డబ్బు కట్టేలోగా హెర్మీనియా బయటికి నడిచి వెళ్లి, వ్యాను ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"పద. ఆ ట్రూడీని చూడాలి."

దారిలోనే అల్లుడి చేత చిరునామా చెప్పించుకుని కూతురికి ఫోన్ కలిపింది. "నోయెమీ, పొయ్యి ఆపి రెసీడాకి రావే. వీధి పేరు చెబుతాను. నీ మొగుడి నిర్వాకం! ఒకత్తె అయితే నేనే సర్దేదాన్ని, డెస్మండ్ అని ఇంకొకడు కూడా ఉన్నాట్ట!"

"అత్తయ్యా, అది కాదండీ..."

"నువ్వు రోడ్డు చూసి నడుపు."

వ్యాను ఆగీ ఆగకముందే ఆవిడ దిగి గంట నొక్కింది. తలుపు తీసిన వెండెల్, ఆ నల్ల గౌనునూ ముడిపడ్డ కనుబొమల్నీ చూసి పాలిపోయాడు. కౌంటీ తనిఖీవాళ్లు ఏ రోజైనా రావచ్చని అతనికి కొన్నాళ్లుగా గుండెల్లో దడగానే ఉంది.

"ఇక్కడ పెద్ద ఎవరు?"

"నేనే మేడమ్."

"ఎన్నాళ్లుగా సాగుతోందిది?"

"ఎనిమిదేళ్లయింది మేడమ్."

హెర్మీనియా తలుపు చెక్క పట్టుకుంది. "ఎనిమిదేళ్లా! ఎవరి అనుమతితో?"

"దరఖాస్తు పెట్టాం, ఇంకా రాలేదు."

"దీనికి దరఖాస్తు కూడానా!"

"అత్తయ్యా, వెండెల్, ఒక్క మాట..." అని ఎలిసేయో మొదలుపెట్టాడు.

"నువ్వు నోర్ముయ్!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"సిగ్గు లేదటయ్యా నీకు?"

"ఉంది మేడమ్. ఇదివరకు అవి లేకుండా కానిచ్చిన మాట నిజమే. ఇక మీదట అలా జరగదు, ఒట్టు. చూడండి, బుట్టెడు తెప్పించాను!"

ఆ కేకలకు ట్రూడీ బయటికి వచ్చింది. ఆమె వెనకే తువ్వాలుతో డెస్మండ్. "నా రకం దొరికిందా?" అని ఆశగా అడిగాడు.

హెర్మీనియా శిలువ గుర్తు వేసుకుని దగ్గర్లో ఉన్న లైటుపెట్టె మీద కూలబడింది. ట్రూడీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మేం సినిమా తీస్తున్నామమ్మా. బట్టలు తక్కువుండే సినిమా. మీ అల్లుడు లైట్లు పెడతాడు. నన్ను కన్నెత్తి చూసిన పాపాన పోలేదు, ఎప్పుడూ ఆ వెలుతురు కొలిచే మీటరు వంకే చూస్తాడు. ఆ బుట్ట నేనే తెప్పించాను. అవి లేకపోతే చెయ్యనన్నాను."

హెర్మీనియా నీళ్లు తాగడం ఆపింది. "అడిగావా? అందరి ముందూ?"

"అడిగాను."

ముసలావిడ గ్లాసు కింద పెట్టింది. "మా తమ్ముడు రెనే ఎవర్నీ అడగలేకపోయాడు. ఆ రోజుల్లో ఆ మాట పైకి అనడానికే సిగ్గు. ఎయిడ్స్ వచ్చి, ఆసుపత్రి మంచం మీద ఎముకలగూడై పోయాడు. చేతికి తొడుగు వేసుకుని ముట్టుకోమన్నారు నన్ను. నేను వేసుకోలేదు." అంటూనే ట్రూడీ చెంప మీద చెయ్యి వేసింది. "మంచిపని చేశావు తల్లీ."

తరువాత అల్లుడి వైపు తిరిగింది. "బూతు సినిమాలకి లైట్లు పెట్టావు, సరే, అది నువ్వూ దేవుడూ తేల్చుకోండి. ఇన్నేళ్లూ పక్కనే నిలబడి, వీళ్లకిది ఉందా లేదా అని ఒక్కనాడూ అడగలేదేం?"

దారి పొడుగునా సంజాయిషీలు అల్లుకుంటూ వచ్చిన ఎలిసేయో తల దించుకున్నాడు.

అప్పుడే నోయెమీ మొక్కజొన్న పిండి చేతులతో పరుగున వచ్చింది. కెమెరానూ మంచాన్నీ మొగుణ్ణీ చూసి, ఊపిరి పీల్చుకుంది.

"దీనికేనా అమ్మా ఇంత గొడవ? నాకు తెలుసుగా."

"తెలుసా?" అన్నాడు ఎలిసేయో.

"మీ కంపెనీ పరుపొకటి తగ్గింపు ధరకి ఇప్పించమంటే, కొట్టులో కొని లేబులు పీకి తెచ్చావు. ఆ మర్నాడే కంపెనీకి ఫోన్ చేశాను. నీ పేరే వినలేదన్నారు."

"మరి నన్ను అడగలేదేం?"

"అబద్ధమాడేటప్పుడు నీ ముఖం ఎంత జాలిగా ఉంటుందో నీకేం తెలుసు? దాన్ని ఇంకా ఏడిపించబుద్ధి కాలేదు." పిండి చేత్తోనే అతని నుదుటి చెమట తుడిచింది.

వెండెల్‌కు ఇప్పుడిప్పుడే విషయం తలకెక్కుతోంది. "అంటే ఈవిడ కౌంటీ మనిషి కాదా? అయితే ఆ బుట్ట సంగతి..."

"ప్రతి షూటింగుకీ ఆ బుట్ట నేనే తెస్తాను," అన్నాడు ఎలిసేయో. అతని గొంతు అంత గట్టిగా ఉండగలదని అక్కడెవరికీ తెలియదు. "అది లేని రోజున లైట్లు వెలగవు."

వెండెల్ అతన్ని చూశాడు, హెర్మీనియాను చూశాడు, తలూపాడు.

కేకు తేవడానికి నోయెమీ బయల్దేరింది. హెర్మీనియా మాత్రం కదలలేదు. వంటగదిలోకి కుర్చీ లాక్కుని, సంచిలోంచి జపమాల తీసింది. "అయ్యేదాకా ఇక్కడే ఉంటాను. ఆ మనిషి ఒట్టు మీద నాకు నమ్మకం లేదు," అని తలుపు వేసుకుంది.

ఆ సినిమా వెండెల్ భయపడ్డట్టేమీ కాలేదు, అన్నిట్లాగే అమ్ముడుపోయింది. కండోముల గురించి ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. వెనకాల ఎవరో ముసలావిడ ప్రార్థన వినిపిస్తోందని మాత్రం చాలామంది రాశారు.