పైపోర్షన్ కోసం క్షవరం

కాజీపేట దారిలోని శాంతినిలయం కాలనీ వారికి విదేశీయులంటే వల్లమాలిన అభిమానమని ఇందుమూలంగా సమస్త ప్రజలకు తెలియజేయడమైనది. కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు శ్రీ రాజేశ్వర్ రావు గారు ప్రతి జెండా వందనం నాడూ ప్రపంచమంతా మనకు ఒకటే ఇల్లని ఉపన్యసిస్తారు. ఆ ఇంట్లో పైపోర్షన్ ఎవరికి ఇవ్వాలన్నది మాత్రం వారి సతీమణి పద్మలత గారు చూసుకుంటారు.

వరంగల్‌లో ఎంటెక్ చదువుతున్న టాంజానియా యువకుడు బరాకాకు ఈ ఏర్పాటు సంగతి తెలియదు. సెలవులకు హాస్టల్ మూసేయడంతో సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఊరంతా తిరిగాడు. ఫోనులో ఖాళీగా ఉన్న గదులన్నీ అతని ముఖం చూడగానే నిండిపోయాయి. మన ఊరి గదులకు ఆ గుణం ఉంది. చీకటి పడేలోగా ఏదో ఒకటి దొరక్కపోతే కాజీపేట స్టేషన్ బెంచీయే గతి. అందుకే రాజేశ్వర్ రావు గారు లేదనకుండా ఒకే ఒక్క షరతు పెట్టినప్పుడు బరాకాకు ఆయన దేవుడిలా కనిపించారు.

షరతు జుట్టు గురించి. భుజాల దాకా వేలాడుతున్న అతని సన్నటి జడలను పద్మలత గారు కిటికీలోంచి చూసి తేల్చేశారు.

"గన్ని జడలేంది? బాత్రూం జాలీల ఎంటికెలు వడితే నీళ్లు పోతయా? కటింగ్ చేయించుకొని రమ్మనుండ్రి, ఇద్దాం."

అవి మొన్న ఇంటికి వెళ్లినప్పుడు అక్క పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని అల్లిన జడలు. బరాకాకు ప్రాణం ఉసూరుమంది. కానీ తెల్లారితే మంగళవారం, ఊళ్లో కత్తెర ఆడదు. ఆ రోజు కొత్త ఇంట్లో దిగడమూ కుదరదట. దేశం కాని దేశంలో శాస్త్రాలతో వాదించే ఓపిక లేక సూట్‌కేసుతో సహా జుబేర్ సెలూన్‌కు వెళ్లాడు.

జుబేర్ అలాంటి తల ఎన్నడూ ముట్టలేదు. అయినా "ఫికర్ చెయ్యకన్నా, జర కూసో" అని ధైర్యం చెప్పి, కత్తెర కంటే ముందు ఫోను తీశాడు. సగం గడ్డం నురగతో ఉన్న ఒక పెద్దమనిషి కుర్చీలోంచి లేచొచ్చి సెల్ఫీ దిగాడు. పక్క చాయ్ హోటల్లోని వాళ్లు వచ్చి ఒక్కొక్కరే జడ లాగి చూసి, నిజమైనవేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. నేల మీద పడ్డ ఒక జడను ఒకాయన తన పిల్లలకు చూపిస్తానని జేబులో వేసుకున్నాడు. అక్క చేతి అల్లిక అలా పోతుంటే బరాకాకు నిజంగానే ఏడుపొచ్చింది. కంట్లో వెంట్రుక పడిందనుకుని జుబేర్ తువ్వాలు అందించాడు. మిగిలిన జుట్టు ఏ ఆకారానికీ రాకపోవడంతో చివరికి గుండు చేసి పంపాడు.

ఆ గుండుతో వచ్చి గేటు తీయబోతే పద్మలత గారు కేకేశారు.

"ఆగాగు! కటింగ్ అయినంక తానం చెయ్యకుంట ఇంట్లకెట్లొస్తవ్ బిడ్డా? ఏం ముట్టకు!"

"ఆంటీ, తానం ఎక్కడ చెయ్యాలె? రూం లేదు కదా" అన్నాడు బరాకా, వరంగల్ నేర్పిన తెలుగులో.

ప్రశ్న సమంజసమైనదే. కటింగ్ లేనిదే గది లేదు, గది లేనిదే స్నానం లేదు, స్నానం లేనిదే గడప దాటడానికి లేదు. జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరైన రాజేశ్వర్ రావు గారికి ఇలాంటి చిక్కులు కొత్త కాదు. గేటు బయట మొక్కలకు నీళ్లు పట్టే పైపును చూపించారు. బరాకా నిక్కరుతో నడివీధిలో నిలబడ్డాడు. కాలనీ మొత్తం బాల్కనీల్లోకి వచ్చింది.

విదేశీయుడు మన ఆచారం పాటిస్తున్నాడని ఎవరో సంఘం వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టారు. ఇక ఊరుకుంటే సంఘానికే అప్రతిష్ఠ. మన దగ్గర శాలువాలకు ఏనాడూ కొరత లేదు, తడి ఒంటి మీదే ఒకటి కప్పారు. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి ఓరుగల్లు! మన సంస్కృతి ముందు ప్రపంచమే తల వంచిందనడానికి ఈ గుండే నిదర్శనం. నేటి నుంచి ఈ సోదరుడు మన కాలనీ ముద్దుబిడ్డ!"

చప్పట్లు ఆగాక ముద్దుబిడ్డ వణుకుతూ తాళంచెవి అడిగాడు. అధ్యక్షులవారు ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లారు.

"నాకైతే ఏం లేదు తమ్మీ. మస్తు మంచోనివి. గని ఫ్యామిలీలుండే కాలనీ గదా, నలుగురు ఏమనుకుంటరో. జర అర్థం చేసుకో."

ఆ నలుగురూ వెనకే నిలబడి సన్మానం ఫొటోలు ఒకరికొకరు పంపుకుంటున్నారు. బరాకా తడి శాలువా పిండి, మడిచి, సూట్‌కేసు పట్టుకుని స్టేషన్ వైపు నడిచాడు.

వీడియోను ఊరంతా మెచ్చుకుంది. మీరూ చేతులు జోడించిన బొమ్మ పెట్టి పదిమందికి పంపారు. ఇంతకీ మీ మేడ మీది గది ఖాళీగానే ఉంది కదా? అతనికి జుట్టు లేదు, స్నానం కూడా అయింది. మీకైతే ఏ అభ్యంతరమూ లేదు, తెలుసు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చెబుతారు.