మేనేజరు బంగళా తవ్వకం

పినపాక అవతలి అడవిలో కురువింద రాయి తవ్వే హక్కు, ప్రజల మేలు కోరి, ఒక పెద్ద కంపెనీకి దక్కింది. కత్తులు సానబట్టే చక్రాలకు పనికొచ్చే గట్టి రాయి అది. మేలు పొందవలసిన ప్రజలు అప్పటికే గునపాలతో దాన్ని తవ్వి, సంతలో అమ్ముకుని బతుకుతుండడం ఒక్కటే కంపెనీకి ఎదురైన చిన్న చిక్కు.

ఆ ఊళ్లో రాయి తగిలిన గుంత గట్టున కోడి ఈక గుచ్చుతారు. ఇక ఆ గుంత వాళ్లది. పక్కవాడు తొంగి కూడా చూడడు. రామక్క గుంతకూ ఎర్రపుంజు ఈక ఉంది. వానలు పడేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ గుంతే దిక్కు.

మేనేజరు బసవపున్నయ్యగారు జీపు దిగి, కళ్లజోడు సవరించుకుని ఈకను పరిశీలించారు.

"హక్కుగా ఇది చెల్లదమ్మా. ఆనవాలుగా మాత్రం దివ్యంగా చెల్లుతుంది."

వెంటనే ఉత్తర్వు వెలువడింది: ఈక కనిపించిన ప్రతిచోటా కంపెనీ తవ్వవలెను, మినహాయింపు లేదు. పట్నంలో చదివిన నిపుణులుండగా ఈకల వెంట పడడమేమిటని మీరడగవచ్చు. ఈక జీతం అడగదు. చూస్తుండగానే ఊరి గుంతలన్నీ కంపెనీవయ్యాయి. రామక్కను ఆమె గుంతలోకే కూలికి పిలిచి కంపెనీ తన పెద్దమనసు చాటుకుంది.

రామక్క కూలికి పోలేదు. మేనేజరు బంగళాకు పోయి, క్రోటన్ మొక్కల నడుమ ఒక ఈక గుచ్చి వచ్చింది.

సర్వేయరు గంగయ్య చూసీ చూడనట్టు పోదామనుకున్నాడు గానీ ఉత్తర్వు గుర్తొచ్చింది. హెడ్డాఫీసుకు తంతి వెళ్లింది. "అధికారి నివాసమైననూ తవ్వుడు" అని జవాబొచ్చింది. తవ్వారు. ముందు క్రోటన్లు పోయాయి, తర్వాత వరండా. ఆపైన వంటిల్లు మర్యాదగా ఒక పక్కకు ఒరిగి గోతిలోకి దిగింది. రాయి మాత్రం రాలేదు. ఇంకా లోతున ఉందని నిపుణులు ధైర్యం చెప్పారు. హాలు కూడా దిగింది.

డేరాలో కాపురం పెట్టిన మేనేజరు భార్య నిర్మలాదేవి రామక్కను పిలిపించింది.

"మా ఇంటి మీద నీకింత పగేమిటే?"

"పగేంది దొరసానీ! ఈకకు హక్కు లేదన్నడు గదా దొర. ఊకెనే గుచ్చిన."

"ఊరికే గుచ్చితే కొంప కూలుతుందా?"

"మాకు గుంత ఉండె, గుంత పోయింది. మీకు బంగళా ఉండె, బంగళా పోయింది. జర నా గుంత నాకిప్పియ్యరాదుండ్రి, ఈక తీసుకపోత."

గుంత ఇప్పించే అధికారం దొరసానికి లేదు కనుక విచారణ సంఘం వచ్చింది. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"పెద్ద పరిశ్రమ ప్రశాంతంగా బతకాలంటే చిన్న గుంతలు క్రమశిక్షణ నేర్చుకోవాలి. దోషం తవ్వినవారిది కాదు, గుచ్చినవారిది. గుచ్చినవారి వెనుక కోళ్లున్నాయి!"

ఊరి కోళ్లన్నిటినీ స్వాధీనం చేసుకున్నారు. ఆ మధ్యాహ్నమే అవి సంఘంవారి విస్తళ్లలో వాంగ్మూలమిచ్చాయి. రామక్క గుంతను, బంగళా నష్టానికి పరిహారంగా, శాశ్వతంగా కంపెనీకే రాసి చుట్టూ కంచె వేశారు.

మర్నాడు ఖమ్మంలో మనమంతా పేపరు చదివాం. "పాపం, ఉన్న ఇల్లు పోయిందట" అని మేనేజరు కోసం నిట్టూర్చాం. వార్తలో రామక్క పేరు లేదు గనుక ఆమె కోసం నిట్టూర్చే అవకాశం మనకు రాలేదు. వచ్చుంటే తప్పక నిట్టూర్చేవాళ్లమే. మనవి అంత జాలిగుండెలు.