ఫెర్మీన్ చెప్పిన నిజం

ఆ ఆదివారం ఫెర్మీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారుతూనే పడవ తీయాలి, ఒక్క రొబాలో చేపను పట్టాలి, మధ్యాహ్నం చర్చి గంట కొట్టేలోగా దాన్ని భర్త పోయిన ప్రూదెన్సియా వంటింట్లో పెట్టి, ఆమె కూతురు ఎలోదియాను తనకిమ్మని అడగాలి. "రొబాలో పట్టలేని జాలరికి పిల్లనిస్తే ఇద్దర్నీ నేనే మేపాలి. ఈ ఆదివారం దాటిందా, ఇక నా గడప తొక్కకు" అని ఆ మహాతల్లి ముందే తేల్చి చెప్పింది. రాత్రంతా ఫెర్మీన్‌కు కంటిమీద కునుకు లేదు.

రేవులో నికాసియో ఎదురయ్యాడు. భార్య పోయిన పెద్దాయన, ఊళ్ళో అందరి వ్యవహారాలూ తనవే అనుకునే రకం.

"ఏరా, ఎక్కడికీ ఇంత పొద్దున్నే?"

వాళ్ళ ఊరు అల్వరాదోలో రొబాలో ఎక్కడ పడుతోందో ఎవడూ నిజం చెప్పడు. విన్నవాడూ నమ్మడు. మడచెట్ల మధ్య పారే మడవాగు అని చెబితే నది సముద్రంలో కలిసే మొగకు పోతారు, మొగ అని చెబితే వాగుకు పోతారు. పోటీ లేకుండా పోవాలంటే ఈ ఊళ్ళో నిజం చెప్పడమే మంచిదని ఫెర్మీన్‌కు తట్టింది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

"మడవాగుకే, మామా. అక్కడ రొబాలో దండిగా ఉంది."

"నాకే చెవిలో పువ్వు పెడతావురా?" అని నవ్వి నికాసియో మొగ వైపు పడవ తిప్పాడు. చూసినవాళ్ళంతా ఆయన వెంటే పోయారు.

వాగులో ఫెర్మీన్ ఒక్కడే. గాలం వేసిన కాసేపటికే రొబాలో ఎర పట్టింది. పట్టి, నేరుగా మడచెట్ల వేళ్ళలోకి దూరింది. దారం విడిపించబోయి వంగాడు, పడవ ఒరిగింది, నడుము లోతు బురదలో దిగబడ్డాడు. చేప దారం తెంపుకుపోయింది. పడవ వెనక్కి తీసే నీటి పాటుకు కొట్టుకుపోయింది. గొంతు చించుకుని అరిచాడు. వినేవాళ్ళంతా మొగ దగ్గర ఉన్నారు!

ఖాళీ పడవ రేవు చేరడంతో అక్కడ ఏడుపులు మొదలయ్యాయట. ఇదంతా అతనికి తర్వాత తెలిసింది.

"వాగుకని చెప్పాడుగా?" అందొకావిడ.

"అంటే అక్కడ తప్ప ఎక్కడైనా ఉంటాడు" అన్నారు అందరూ.

మొగలో వలలు దించి వెతికారు. అతను వెరక్రూజ్ పట్నం బస్సెక్కడం కళ్ళారా చూశానని ఒకడన్నాడు. పెళ్ళంటే భయపడి పారిపోయాడని ఇంకొకడు. ఫాదర్ ప్రార్థనకు సిద్ధమయ్యాడు.

ఇక్కడ వాగులో ఎండ నడినెత్తికొచ్చింది. దోమలు పీక్కుతింటున్నాయి. కదిలితే దిగబడతాడు, కదలకుండా ఉండలేడు. దూరంగా చర్చి గంట మోగింది. పిల్ల చేజారిపోయిందని ఫెర్మీన్ బావురుమన్నాడు.

అప్పుడు తెడ్డు చప్పుడైంది. ఎలోదియా!

"ఇక్కడున్నానని నీకెలా తెలుసు?"

"వాగుకే వెళ్తున్నానని చెప్పావటగా."

"అది ఎవరూ నమ్మలేదే!"

"నీకు అబద్ధమాడేంత తెలివెక్కడిది? ఏడుపాపి తాడు పట్టుకో."

ఒళ్ళంతా బురదతో, ఒట్టి చేతులతో అతను ప్రూదెన్సియా వంటింట్లో అడుగుపెట్టాడు. బల్ల మీద చెయ్యంత పొడవు రొబాలో! ఎదురుగా నికాసియో చేతులు కడుక్కుంటున్నాడు. ఫెర్మీన్ శవం కోసం దించిన వలల నిండా రొబాలో పడిందట. కుర్రాడు పాపం దీనికోసమే పోయాడు కదా, చేపైనా చేరుద్దామని ఆయన చర్చి గంట కొట్టకముందే పట్టుకొచ్చాడట.

"బతికే ఉన్నావా?" అంది ప్రూదెన్సియా, కాస్త నిరాశగానే. తర్వాత నికాసియో వైపు చూసి, ఈ వయసులో సిగ్గుపడింది. "సరేలే ఫెర్మీన్, పిల్లను నువ్వే చేసుకో. నన్ను మేపే మనిషి దొరికాడు."

రెండు పెళ్ళిళ్ళూ ఒకే పందిట్లో జరిగాయి. విందుకొచ్చినవాళ్ళంతా మామగారు పట్టిన చేపనే మెచ్చుకున్నారు.