అల్లుడి గొంతులో లేని ముల్లు

ఆ రోజు పొద్దున సుకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారి చేపల పులుసు కడుపు నిండా తినాలి. ఎవరి కంటా పడకుండా దొడ్లోకి వెళ్లి పళ్లు తోముకోవాలి. ఏమీ ఎరగనట్టు వచ్చి అరుగు మీద కూర్చోవాలి. ఇంతకంటే పెద్ద పథకాలు వేసి గట్టెక్కినవాళ్లు లోకంలో ఉన్నారు. సుకుమార్ మాత్రం వాళ్లలో లేడు.

అతను నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పులికాట్ ఒడ్డునున్న ఆ ఊరికి అల్లుడై ఏడాది కాలేదు. ఊరి జాతరకు, అదే పోలేరమ్మ కొలుపుకు, కొత్త అల్లుడి హోదాలో రావడం ఇదే మొదలు. పెళ్లిలో ఎగుడుదిగుడు పళ్లు కనపడకూడదని నోరు మూసుకునే ఫోటోలు దిగాడు. పెళ్లయ్యాక భార్య రేవతి పోరు పడలేక సూళ్లూరుపేటలో పళ్ల డాక్టరు దగ్గర క్లిప్పులు వేయించుకున్నాడు. ఇప్పుడు ఆ క్లిప్పులు కనపడకూడదని నోరు మూసుకుని తిరుగుతున్నాడు. మొత్తానికి అత్తవారింట్లో ఆ మనిషి నవ్వు ఎలా ఉంటుందో ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

"తీగెలున్నన్నాళ్లూ ఏది తిన్నా వెంటనే తోముకోవాలి. తీగె పైన, తీగె కింద, సందుల్లో. బద్ధకించారా, తీగెలు తీసేనాటికి పళ్ల మీద మచ్చలే మిగుల్తాయి" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి, సందుల్లో దూరే సన్న బ్రష్షు ఒకటి చేతిలో పెట్టింది. సుకుమార్ ఆ మాటను వేదవాక్కుగా పట్టుకున్నాడు.

"మా అమ్మకు చెప్పెయ్యండి, ఒక పనైపోద్ది" అంది రేవతి, కొలుపుకు పూలూ పసుపూ తేవడానికి సూళ్లూరుపేట బయల్దేరుతూ.

"అన్నం తిన్నాక చెప్తాలే. నోట్లో ఇనప తీగెలున్నాయంటే చేప ముక్క వెయ్యడానికి భయపడతది."

రేవతి ఒక చూపు చూసి ఆటో ఎక్కింది.

అతని అత్తగారు మస్తానమ్మకు ఆ పొద్దున అంతకంటే పెద్ద హడావిడి ఉంది. మర్నాడు అమ్మవారి దగ్గర ఊరందరికీ వండే పులుసులో తెడ్డు తిప్పే వంతు మొదటిసారి ఆమెకు వచ్చింది. ఆ తెడ్డు పట్టుకోవాలని ఆమె పెళ్లై వచ్చినప్పటి నుంచీ కోరిక. అయితే ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. కొలుపు ముందు ఏ ఇంట్లో అయినా మనిషి గొంతులో చేప ముల్లు ఇరుక్కుంటే, ఆ ఇంటి చెయ్యి ఆ ఏడు అమ్మవారి కుండను తాకకూడదు. అందుకే ఆమె తెల్లవారకముందే రేవుకు పోయి, నడిముల్లు తప్ప వేరే ముల్లుండని వంజరం చేపను ఏరి కోరి తెచ్చింది.

పోయిన ఏడు వరకూ ఆ తెడ్డు తిప్పిన వెంకటశేషమ్మ పక్కిల్లే. ఆమె కూడా పొద్దున్నే నాలుగు మామిడికాయలు కొంగులో వేసుకుని వచ్చింది.

"మా చెట్టు కాయలు మే. పులుసులోకి వెయ్యి. ఎన్నలాగుంటాయి, పీచనేదే ఉండదు" అని చెప్పి, వంజరాన్ని ఒకటికి రెండుసార్లు తిప్పి చూసి మరీ పోయింది.

మధ్యాహ్నం సుకుమార్ ఆకు ముందు కూర్చున్నాడు. పులుసు ఎర్రగా, చిక్కగా, మామిడికాయ పులుపుతో ఘుమఘుమలాడుతోంది. అతనికి ఊహ తెలిసేనాటికే తల్లి లేదు. హాస్టల్ పళ్లేల్లో పెరిగాడు. వడ్డించేవాడు గరిటె విదిలిస్తే పడ్డంత తినడమే గాని, "ఇంకో ముక్క వెయ్యనా నాయనా" అని ఎదురుగా కూర్చుని అడిగినవాళ్లు లేరు. మస్తానమ్మ అడిగినప్పుడల్లా అతను తల ఊపాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. పోలిక బాగాలేదు గాని, ఆ పులుసు ముందు కూర్చున్నవాడు కడుక్కోవడం గురించి ఆలోచించలేడు.

తిన్నాక ఆలోచన వచ్చింది. దొడ్లో నీళ్ల తొట్టి వెనక గొంతుక్కూర్చుని, ఫోన్‌లో మొహం చూసుకుంటూ నోరు తెరిచాడు. మెతుకులు వచ్చాయి. వెనక దవడ దగ్గర తీగెకు ఏదో మెలికేసుకుంది, అది మాత్రం రాలేదు. బ్రష్షు లోపలికంటా తోశాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

సరిగ్గా అప్పుడే మరదలు ఉష అంట్లగిన్నెలతో దొడ్లోకి వచ్చింది. బావ నోట్లో చెయ్యి పెట్టుకుని, కళ్లనీళ్లతో కూర్చుని ఉన్నాడు. చేపల ఊళ్లో పుట్టిన పిల్లకు ఇంకేం అనుమానం వస్తుంది?

"అమ్మా, బావ గొంతులో ముల్లు ఇరుక్కుంది."

మస్తానమ్మ అన్నం ముద్దతో పరిగెత్తుకొచ్చింది. "ముల్లు కాదత్తా" అని చెప్పడానికి సుకుమార్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో ముద్ద పడింది.

"నమలబాకు నాయనా. అట్నే మింగు."

మింగాడు. సగం కడుపులోకి పోయింది, సగం తీగెల్లో ఆగింది. "పోయిందా?" అంటే పోయిందని తల ఊపాడు. కానీ తీగెల్లో మెతుకులున్నాయి, చెవుల్లో డాక్టరమ్మ మాటలున్నాయి. వలల కుప్ప చాటుకు పోయి మళ్లీ బ్రష్షు తీశాడు.

"ఇంకా పీక్కుంటా ఉండాడమ్మా" అంది వెనకే వచ్చిన ఉష.

ఈసారి అరటిపండు. అది తీగెలకు మెత్తినట్టు పట్టింది. మళ్లీ బ్రష్షు. తర్వాత బెల్లం కలిపిన ముద్ద. బెల్లం పేరెత్తితేనే డాక్టరమ్మ కళ్లెర్ర చేస్తుంది. మందు వేసిన ప్రతిసారీ తోముకోవాల్సి వస్తోంది. తోముకున్న ప్రతిసారీ వాళ్లు ఇంకో మందు తెస్తున్నారు. సుకుమార్ పని అచ్చంగా మింగలేక కక్కలేక అన్నట్టయింది.

నిజానికి మధ్యలో ఒకసారి నోరు ఖాళీ అయింది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. కానీ మస్తానమ్మ ఒక చేత్తో అతని వీపు రాస్తోంది. రెండో చేత్తో ఇంకో ముద్ద చుడుతోంది. "నా తండ్రే, ఇంకొక్కటి, నా బంగారే" అంటోంది. తన కోసం ఒక మనిషి ఇంతలా తల్లడిల్లడం అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ముల్లు లేకపోతేనేం, ముద్ద ఉంది కదా అనుకుని మళ్లీ నోరు తెరిచాడు.

దడి అవతల నుంచి ఒక తల లేచింది. "ఏంది మస్తానమ్మా, అల్లుడికి ముల్లు గుచ్చుకుందా?" అంది వెంకటశేషమ్మ. జవాబు కోసం ఆగలేదు. ఊరిపెద్ద చిన్నపోలయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ల వెనక సగం ఊరు వచ్చింది.

"కట్టుబాటు తెలుసు కదా పెద్దాయనా" అంది వెంకటశేషమ్మ. "తెడ్డు సంగతి తేల్చు."

ఆ కట్టుబాటు సంగతి సుకుమార్ వినడం అదే మొదలు. మస్తానమ్మ మాత్రం అటు చూడను కూడా లేదు.

"నా బిడ్డ గొంతు ముందు తెడ్డెంతక్కా. తీసుకుపో. ముందు ముల్లు తీసే దారి చూడండి" అంది.

ఆ మాటకు సుకుమార్ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. ఇక తాత్సారం చేస్తే తను మనిషి కాదనుకున్నాడు. లేచి నిలబడి, ఊరి ముందు నోరు బార్లా తెరిచాడు. ఎండకు క్లిప్పులన్నీ తళుక్కుమన్నాయి.

"ముల్లు కాదు, గాలం మింగినాడు" అన్నారెవరో.

"కదలబాకు అబ్బయ్యా. గాలాన్ని లాగితే ఇంకా దిగుద్ది. ఎవురన్నా పట్టకారు తెండి" అన్నాడు చిన్నపోలయ్య, అతని దవడ పట్టుకుని.

పట్టకారు మాట వినేసరికి సుకుమార్‌కు ఎక్కడ లేని బలం వచ్చింది. దవడ విడిపించుకున్నాడు. "ముల్లూ లేదు, గాలమూ లేదు తాతా. వంకర పళ్లు సరిచెయ్యడానికి డాక్టరు వేసిన క్లిప్పులు. ఏం తిన్నా వీటిల్లో ఇరుక్కుంటది. తిన్న ప్రతిసారీ తోముకోవాలి. అంతే" అని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు.

మస్తానమ్మే ముందు తేరుకుంది. "అదా. వలను దులపకుండా ఎవురన్నా ఇంటికొస్తారా? దానికి చాటెందుకు నాయనా?" అంది. ఊరంతా అవునంటే అవునంది. వలలో ఇరుక్కున్న చెత్త తీయకపోతే ఏమవుతుందో వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

వెంకటశేషమ్మ వదల్లేదు. "ఏదో ఒకటి ఇరుక్కున్న మాట నిజమే కదా. అది ముల్లు కాదని నమ్మకమేంది?"

చిన్నపోలయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఉష ఫోన్ లైటు వేసింది. సుకుమార్ వెనక దవడ దగ్గర బ్రష్షు దూర్చి, మెలికను మెల్లగా విప్పి లాగాడు. పచ్చగా, సన్నగా, పొడుగ్గా ఒకటి బయటికి వచ్చింది. చిన్నపోలయ్య దాన్ని వెలుతురుకేసి పట్టి చూశాడు.

"మామిడి పీచు" అన్నాడు.

ఊరంతా నెమ్మదిగా వెంకటశేషమ్మ వైపు తిరిగింది.

"మా చెట్టు కాయకు పీచుండదే" అంది ఆమె. కానీ ఆ గొంతులో పొద్దుటి బలం లేదు.

తెడ్డు మస్తానమ్మకే ఉండిపోయింది. జనం వెళ్లాక ఆమె అల్లుడి ఎదురుగా వచ్చి నిలబడింది. "అయితే అన్ని ముద్దలూ ఉత్తపుణ్యానికి మింగినావా? మొదట్లోనే చెప్పొచ్చు కదా."

"చెప్తే ముద్ద పెట్టవేమోనని అత్తా" అన్నాడు సుకుమార్, తల వంచుకుని.

మస్తానమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. లోపలికి పోయి పులుసన్నం కలిపి తెచ్చింది. "ముల్లుంటేనే ముద్ద పెట్టాలని ఎవురు చెప్పినారు? కూర్చో. ఇది మాత్రం నమిలి తిను" అంది.

ఆటో దిగి వచ్చిన రేవతికి, అరుగు మీద నోరారా నవ్వుతూ తింటున్న మొగుడూ, పక్కన నీళ్ల చెంబూ బ్రష్షూ పట్టుకుని కాపలా కూర్చున్న చెల్లెలూ కనపడ్డారు.

మర్నాడు వెంకటశేషమ్మ కొలుపు పులుసులోకి మామిడికాయలు మానేసి నిమ్మకాయలు పంపింది.